లేత్ ముట్టుకుంటే జివ్వుమంటోంది: యంత్రాలకు కరెంటు పరీక్ష ఎవరితో, ఎలా చేయించాలి?

లేత్ షెడ్డు · శనివారం రాత్రి 9.20

అందరికీ నమస్కారం. విజయవాడ ఆటోనగర్‌లో నాకు చిన్న షెడ్డు ఉంది. ఆరడుగుల లేత్, మిల్లింగ్ యంత్రం, పిల్లర్ డ్రిల్లు, బెంచి గ్రైండరు, వెల్డింగ్ సెట్టు, కంప్రెసరు ఉన్నాయి. నాతో కలిపి ఐదుగురం. లేత్ పాతది. మూడేళ్ల కిందట ఎవరో షెడ్డు మూసేస్తుంటే కొన్నాను.

మొన్న వాన పడిన రోజు మా కుర్రవాడు చక్ (ముక్కను పట్టుకునే భాగం) బిగిస్తూ ఉన్నట్టుండి చెయ్యి లాక్కున్నాడు. జివ్వుమందట. నేను నమ్మక, చెప్పులు విడిచి, వేలి వెనుకభాగం బెడ్డుకు ఆనించి చూశాను. నిజమే, చీమలు పాకినట్టుంది. టెస్టరు పెడితే మసకగా వెలిగింది. ఎప్పుడూ వచ్చే ఎలక్ట్రీషియన్ చూసి, "ఎర్త్ బలహీనంగా ఉందండీ, బాడీని న్యూట్రల్‌కు కలిపేస్తే పోతుంది" అన్నాడు. ఎందుకో మనసొప్పక వద్దన్నాను.

ఇంకొకటి. మాకు జాబ్ వర్క్ ఇచ్చే కంపెనీ వారు వచ్చే నెల షెడ్డు చూడటానికి వస్తున్నారు. ప్రతి యంత్రానికీ విద్యుత్ భద్రత పరీక్ష కాగితం ఉండాలన్నారు. ఆ పరీక్షలంటే ఏమేమి చేస్తారు? ఎవరు చేస్తే చెల్లుతుంది?

టర్నర్ బాబాయి · శనివారం రాత్రి 9.48

నలభై ఏళ్లు లేత్ మీద నిలబడ్డాను. వానాకాలంలో పాత యంత్రం కాస్త జివ్వుమనడం మామూలే. కాళ్ల కింద చెక్క పలక వేసుకుని, రబ్బరు చెప్పులతో పని చేయించండి. కాగితం సంగతంటారా, అడిగినవాళ్లకు ఎవరో ఒకరు రాసిస్తారు.

ఐటీఐ మాస్టారు · శనివారం రాత్రి 10.15

బాబాయి గారూ, మీ అనుభవం మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఈ సలహా ఇవ్వకండి. పలక మీద నిలబడ్డవాడికి రెండో చెయ్యి కూడా ఉంటుంది. ఆ చేత్తో పక్కనున్న గ్రైండరు స్టాండునో, గోడకున్న నీళ్ల పైపునో పట్టుకుంటే కరెంటు ఒక చేతి నుంచి ఇంకో చేతికి గుండె మీదుగా పోతుంది. పలక ఏమీ చేయలేదు.

లేత్ షెడ్డు గారూ, వేలితో చూడటం మళ్లీ ఎప్పుడూ చేయకండి. రేపు పొద్దున్నే లేత్ మెయిన్ దించి, ఫ్యూజు క్యారియర్లు మూడూ పీకి మీ జేబులో వేసుకోండి. పాత లైన్‌మన్‌లు అదే చేసేవారు. క్యారియర్ తన జేబులో ఉంటే ఇంకెవరూ కరెంటు వేయలేరు. ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనంతట పడే స్విచ్చు) అయితే దానికి తాళం వేసే క్లిప్పు దొరుకుతుంది. పరీక్ష అయ్యేదాకా ఆ యంత్రం నడవకూడదు.

కాస్త లెక్క. పది మిల్లీ ఆంపియర్ల దగ్గర కండరాలు బిగుసుకుని పట్టుకున్నది వదలలేని స్థితి వస్తుంది. ముప్పై దాటి కాసేపు ప్రవహిస్తే గుండె లయ తప్పే ప్రమాదం. మీకు చీమలు పాకినట్టు అనిపించిందంటే ఒకటి నుంచి అయిదు మిల్లీ ఆంపియర్ల మధ్య ఉండి ఉంటుంది. అది మీ అదృష్టమే కాని యంత్రం మంచితనం కాదు. అదే లీకు రేపు ఇంకాస్త తడిస్తే పదికి చేరుతుంది.

తీగలపని · శనివారం రాత్రి 10.52

నాకు సూపర్‌వైజర్ పర్మిట్ ఉంది, ఇరవై ఏళ్లుగా ఇదే పని. న్యూట్రల్‌కు కలపనివ్వకపోవడం మీరు చేసిన మంచి పని. స్తంభం నుంచి మీ మీటరు దాకా ఎక్కడైనా న్యూట్రల్ తెగితే, షెడ్డులో వెలుగుతున్న ఒక్క బల్బు చాలు, ఆ బల్బు గుండా ఫేజు వచ్చి లేత్ బాడీ మీద కూర్చుంటుంది. అప్పటిదాకా నిక్షేపంగా ఉన్న యంత్రం ఒక్క క్షణంలో 230 వోల్టుల మీద ఉంటుంది. గాలివానకు న్యూట్రల్ తెగడం మన దగ్గర ఎంత మామూలో మీకు తెలుసు.

ఇక "ఎర్త్ ఉంది కదా, ఫేజు తగిలితే ఎంసీబీ పడుతుంది కదా" అనే నమ్మకం గురించి. చిన్న షెడ్డుకు వచ్చే కనెక్షన్‌లో డిస్కం (కరెంటు సంస్థ) సాధారణంగా ఎర్త్ తీగ ఇవ్వదు. మన ఎర్త్ గుంత మనదే. మీ గుంత 4 ఓమ్‌లు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి న్యూట్రల్ గుంత 1 ఓమ్ అనుకోండి. ఫేజు నేరుగా బాడీకి తగిలితే పారే కరెంటు 230ని 5తో భాగిస్తే 46 ఆంపియర్లు. మీది 32 ఆంపియర్ల సి-రకం ఎంసీబీ అయితే అది వెంటనే పడాలంటే 160 నుంచి 320 ఆంపియర్లు కావాలి. 46కు అది వేడెక్కి ఎప్పటికో పడుతుంది, గంట పట్టినా ఆశ్చర్యం లేదు. అంతసేపూ బాడీ మీద 46 × 4, అంటే 184 వోల్టులు. నాలుగు ఓమ్‌ల గుంత చాలా మంచి గుంత అని గుర్తుంచుకోండి.

అందుకే మన షెడ్లకు ఆర్‌సీసీబీ, అంటే లీకును కనిపెట్టి కరెంటు ఆపే స్విచ్చు, తప్పనిసరి అంటాను. మీ దగ్గర ఉందా?

లేత్ షెడ్డు · ఆదివారం ఉదయం 7.05

ఆ లెక్క చూశాక రాత్రి నిద్ర పట్టలేదు. క్యారియర్లు పీకాను, జేబులోనే ఉన్నాయి.

ఆర్‌సీసీబీ ఉంది. చెప్పడానికి సిగ్గుగా ఉంది కాని, పోయిన ఏడాది ఊరికే పడిపోతోందని తీగలు దాని పక్క నుంచి తిప్పేశారు. నేనే సరేనన్నాను. ఆర్డరు అర్జెంటుగా ఉండింది.

తీగలపని · ఆదివారం ఉదయం 7.30

అంటే ఏడాది కిందటే అది మీకు చెప్పింది. అది ఊరికే పడదండీ. వెళ్లిన కరెంటుకూ తిరిగి వచ్చిన కరెంటుకూ తేడా చూసి పడుతుంది. ఆ తేడా ఎక్కడికో పోతోంది, ఎక్కడికో వెతకాలి. నాకు తెలిసి పది షెడ్లలో ఏడెనిమిది చోట్ల ఆర్‌సీసీబీని ఇలాగే పక్కన పెట్టారు.

వైండింగ్ రాజు · ఆదివారం ఉదయం 8.12

పందెం వేస్తాను, లీకు లేత్ పెద్ద మోటారులో ఉండదు. కూలెంట్ పంపు చూడండి. అరచేయంత మోటారు, ఎప్పుడూ నూనె నీళ్ల పక్కనే ఉంటుంది, దాని తీగ ఇనుప రజను కింద నలుగుతుంది. నా దగ్గరకు రీవైండింగ్‌కు వచ్చే కూలెంట్ పంపుల్లో సగానికి గ్లాండు (తీగ లోపలికి పోయేచోట దాన్ని బిగించి పట్టే బిరడా) ఉండదు, తీగ ఉత్త రంధ్రంలోంచి లోపలికి పోతుంది. ఆ తరువాత లేత్ మీద వేలాడే లైటు చూడండి. పాత యంత్రాల్లో అది 24 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ మీద నడిచేది. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే ఎవరో ఒకరు నేరుగా 230 ఇచ్చేస్తారు.

లేత్ షెడ్డు · ఆదివారం ఉదయం 8.20

లైటు 230దే. మీరు మా షెడ్డుకు వచ్చి చూసినట్టు చెబుతున్నారు.

కోవెంట్రీ తెలుగువాడు · ఆదివారం మధ్యాహ్నం 1.40

ఇంగ్లండులో ఒక యంత్రాల కర్మాగారంలో మెయింటెనెన్స్ చేస్తాను, ఊరు తెనాలి. పరీక్షల వరుస అడిగారు కాబట్టి చెబుతాను. యంత్రాల విద్యుత్ భాగాలకు ఐఈసీ 60204-1 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం ముందు కంటితో చూడటం. తరువాత ఎర్త్ తీగ కొనసాగింపు, అంటే యంత్రంలో చేతికి తగిలే ప్రతి లోహ భాగం నుంచి ఎర్త్ టెర్మినల్ దాకా ఎంత నిరోధం ఉందో కొలవడం. మామూలు మల్టీమీటరుతో కాదు, కనీసం 0.2 ఆంపియర్లు పంపే మీటరుతో. ఒక్క పోగు మీద వేలాడే తీగ కూడా మల్టీమీటరుకు బాగున్నట్టే కనబడుతుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ పది మీటర్లకు సుమారు 0.07 ఓమ్ వస్తుంది. మీటరు 0.1 చూపిస్తే సంతోషం, 2 చూపిస్తే ఎక్కడో లగ్గు (తీగ చివర బిగించే లోహపు ముక్క) వదులుగా ఉందని అర్థం.

మూడోది ఇన్సులేషన్, అంటే కరెంటు తీగల నుంచి బాడీకి పోకుండా పైతోలు ఎంత గట్టిగా ఆపుతోందో, 500 వోల్టుల డీసీతో కొలవడం. 1 మెగా ఓమ్‌కు తగ్గకూడదు. మన దేశపు నియమాల్లోనూ ఎప్పటి నుంచో ఇదే అంకె ఉంది, ఒక నిమిషం పాటు. ఆ తరువాత మెయిన్ తీసిన 5 సెకన్లలో లోపలి కెపాసిటర్ల వోల్టేజీ 60 కంటే కిందికి దిగుతోందా అన్నది. చివర పనితీరు: ఎమర్జెన్సీ స్టాప్, గార్డు స్విచ్చులు, కరెంటు పోయి వచ్చినప్పటి ప్రవర్తన. వెయ్యి వోల్టుల పరీక్ష కూడా ఉంది కాని అది కొత్త యంత్రానికి తయారీదారు చేసేది. ముప్పై ఏళ్ల వైండింగ్ మీద దాన్ని చేయించి మోటారు పోగొట్టుకోకండి.

ఒక అపోహ కూడా తీర్చేస్తాను. బ్రిటన్‌లో ప్రతి వస్తువుకూ ఏడాదికొకసారి పరీక్ష చేసి స్టిక్కరు అంటించాలని చట్టం ఉందని మనవాళ్లు చెప్పుకుంటారు. 1989 నాటి నిబంధనలు పరికరాన్ని ప్రమాదం లేకుండా ఉంచమంటాయి కాని ఏడాది అన్న మాట లేదు. ఎంత తరచుగా చూడాలన్నది వాడకాన్ని బట్టి ఉంటుంది. ఆఫీసులో కంప్యూటరుకూ షెడ్డులో చేతి గ్రైండరుకూ ఒకే గడువు ఎలా పెడతారు?

ఐటీఐ మాస్టారు · ఆదివారం సాయంత్రం 6.30

బాగా చెప్పారు. కంటితో చూడటాన్ని చిన్నచూపు చూడకండి. పిల్లలకు మీటరు ఇవ్వడానికి ముందు నేను ఒక గంట ఉత్త కళ్లతో చూడమంటాను. సగం లోపాలు అక్కడే దొరుకుతాయి.

ఎవరితో చేయించాలన్నది: ప్రభుత్వ లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరుతో, సూపర్‌వైజర్ పర్మిట్ ఉన్నవారు దగ్గరుండి చేసి సంతకం పెట్టాలి. వాడిన మీటరు నంబరు, దాని కాలిబ్రేషన్ తేదీ కాగితం మీద ఉండాలి. అవి లేని కాగితం అడిగినవాళ్లకు రాసిచ్చే కాగితమే.

ఇంకో మాట. 415 వోల్టుల మోటారు బాడీకి రెండు వేర్వేరు ఎర్త్ తీగలు ఉండాలని 1956 నాటి నియమాల నుంచీ ఉంది. ఒకే తీగను రెండు బోల్టులకు చుట్టి రెండని చూపించడం చాలాచోట్ల చూశాను. షాకు తగిలితే ఏం చేయాలో చెప్పే చార్టు తెలుగులో, అందరికీ కనబడేచోట పెట్టండి. ఆఫీసు గదిలో బీరువా వెనుక కాదు.

టర్నర్ బాబాయి · ఆదివారం సాయంత్రం 7.02

నలభై ఏళ్లు లేత్ మీద నిలబడ్డాను అన్నాను కాని, నా పక్క లేత్ మీద పనిచేసినవాడి గురించి చెప్పలేదు. చెప్పడం ఇష్టం లేదు. చేయించండి పరీక్ష.

లేత్ షెడ్డు · తరువాతి ఆదివారం రాత్రి 8.35

నిన్న ఒక లైసెన్సు కాంట్రాక్టరు, ఆయన సూపర్‌వైజరు వచ్చారు. ఉదయం తొమ్మిదికి మొదలై దీపాలు పెట్టే వేళకు ముగిసింది. నేను పక్కనే ఉండి రాసుకున్నాను.

ముందు ఆయన చేసిన పని నచ్చింది. టెస్టరును కరెంటు ఉన్న సాకెట్టులో పెట్టి చూసి, తరువాత లేత్ టెర్మినల్ మీద పెట్టి, మళ్లీ సాకెట్టులో పెట్టి చూశారు. మధ్యలో టెస్టరే చచ్చిపోతే మనం బతికున్న తీగను చచ్చిందనుకుంటాం అన్నారు.

లేత్ ఎర్త్ తీగ బయటికి చక్కగా కనబడుతోంది, ఆకుపచ్చ తీగ, రాగి లగ్గు, బోల్టు బిగువుగానే ఉంది. మీటరు పెడితే తెగినట్టు చూపించింది. లగ్గు కదిలిస్తే ఒకసారి 40 ఓమ్‌లు, ఒకసారి ఏమీ లేదు. బోల్టు విప్పారు. నేను కొన్నప్పుడు యంత్రానికి కొత్త రంగు వేయించాను చూడండి, ఆ రంగు మీదే లగ్గు పెట్టి బిగించారు. మూడేళ్లుగా ఆ తీగ గుంతకు కలిసింది కాని యంత్రానికి కలవలేదు. ఎమెరీ కాగితంతో రూపాయి బిళ్లంత మేర గీకి, లోహం మెరిశాక పళ్ల వాషర్ వేసి బిగించారు. 0.08 ఓమ్. నాకు చూపించడానికి మూడుసార్లు కొలిచారు.

తరువాత మెగ్గర్, అంటే ఇన్సులేషన్ కొలిచే మీటరు. పెద్ద మోటారు 60 మెగా ఓమ్‌లు. రాజు గారు పందెం గెలిచారు: కూలెంట్ పంపు 0.05. రజను పళ్లెం ఎత్తితే కింద తీగ పైతోలు పోయి, తెల్లటి కూలెంట్ జిడ్డులో నానుతోంది. 230ని 50 వేల ఓమ్‌లతో భాగిస్తే నాలుగున్నర మిల్లీ ఆంపియర్లు. మాస్టారు ఇక్కడ కూర్చుని చెప్పిన అంకె!

పిల్లర్ డ్రిల్లుది వేరే కథ. ఇన్సులేషన్ బాగుంది, ఎర్త్ బాగుంది. మెయిన్ దించి, డ్రిల్లు స్విచ్చు ఆన్‌లోనే ఉంచి, మెయిన్ వేశారు. దానంతటదే తిరిగింది. స్టార్టరు లేదు, ఉత్త తిప్పుడు స్విచ్చు. కరెంటు పోయినప్పుడు కుర్రవాడు బిట్టు మార్చడానికి చెయ్యి పెట్టి ఉంటే? మా దగ్గర కరెంటు పోవడం ఎన్నిసార్లో మీకు చెప్పనక్కర్లేదు.

గ్రైండరుకు మూడు పిన్నుల ప్లగ్గు ఉంది, లోపల తీగ మాత్రం రెండే.

తీగలపని · తరువాతి ఆదివారం రాత్రి 9.10

డ్రిల్లుకు డీఓఎల్ స్టార్టరు పెట్టించండి. కరెంటు పోగానే దాని కాయిలు వదిలేస్తుంది, మళ్లీ పచ్చ బొత్తాం నొక్కితేనే తిరుగుతుంది. ఖర్చు తక్కువ, పని ఒక పూట.

వెల్డింగ్ సెట్టు సంగతి చెప్పలేదు?

లేత్ షెడ్డు · తరువాతి ఆదివారం రాత్రి 9.25

దాని గురించి రాయడానికే భయమేసింది. మావాడు ఎర్త్ క్లాంపును వెల్డింగ్ బల్లకు కాకుండా షెడ్డు స్తంభానికి తగిలిస్తాడు, తీగ చాలదని. కాంట్రాక్టరు కంప్రెసరు ఎర్త్ తీగ పట్టుకుని చూపించారు. ఆకుపచ్చ తోలు ఒక జానెడు మేర కరిగి నల్లబడింది. వెల్డింగ్ కరెంటు స్తంభంలోంచి దారి వెతుక్కుంటూ మా ఎర్త్ తీగల గుండా తిరిగి వస్తోందట.

వైండింగ్ రాజు · తరువాతి ఆదివారం రాత్రి 9.41

అసలు దాన్ని ఎర్త్ క్లాంపు అని పిలవడమే తప్పు. అది ఎర్త్ కాదు, నూరో నూట యాభయ్యో ఆంపియర్లు తిరిగి వచ్చే తీగ. పేరు అలా ఉంది కాబట్టి ఎక్కడ ఇనుము కనబడితే అక్కడ తగిలిస్తారు. లేత్ బెడ్డుకు తగిలిస్తే ఆ కరెంటు స్పిండిల్ బేరింగుల గుండా పోయి వాటిని చెరుపుతుంది. క్లాంపు ఎప్పుడూ వెల్డు చేసే ముక్కకే, అతుకుకు వీలైనంత దగ్గరగా. తీగ చాలకపోతే తీగ కొనండి.

కూలెంట్ పంపు మోటారు పారేయకండి. విప్పి తుడిచి, పెట్టెలో వంద వాట్ల బల్బు వెలిగించి రెండు రోజులు ఆరబెట్టండి. మళ్లీ మెగ్గర్ చూడండి. ఒకటి దాటి పెరుగుతూ ఉంటే బతికినట్టే. అక్కడే ఉండిపోతే నా దగ్గరకు పంపండి.

లేత్ షెడ్డు · బుధవారం రాత్రి 10.05

ఆరబెట్టాక 8 మెగా ఓమ్‌లు వచ్చింది. కొత్త తీగ వేసి, గ్లాండు పెట్టి, పైపులోంచి తీసుకొచ్చాం. లైటుకు 24 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. ఆర్‌సీసీబీ మళ్లీ దారిలోకి వచ్చింది, 30 మిల్లీ ఆంపియర్లది. కాంట్రాక్టరు దాన్ని మీటరుతో పరీక్షిస్తే 28 మిల్లీ సెకన్లలో పడింది. గడువు 300 అట.

ఇప్పుడు కొత్త చిక్కు. మిల్లింగ్ యంత్రానికి రెండేళ్ల కిందట స్పీడు మార్చుకునే డ్రైవు పెట్టించాను. దాన్ని ఆన్ చేసినప్పుడల్లా ఆర్‌సీసీబీ పడుతోంది. అక్కడ లీకు లేదని మెగ్గర్ చెప్పింది. కుర్రవాడు డ్రైవు ఎర్త్ తీగ విప్పితే పడటం లేదని చూపించాడు, వెంటనే మళ్లీ బిగించాను.

తీగలపని · బుధవారం రాత్రి 10.40

బిగించి మంచిపని చేశారు, కుర్రవాడికి నాలుగు తిట్లు కూడా బాకీ. డ్రైవు లోపలి ఫిల్టరు కెపాసిటర్లు మామూలుగానే ఎర్త్‌కు కాస్త కరెంటు వదులుతాయి. అది లోపం కాదు, దాని తీరు. మీ షెడ్డంతా ఒకే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ మీద పెట్టారు, చిక్కు అదీ. విడగొట్టండి. చేత్తో పట్టుకునే పనిముట్ల సాకెట్లకు 30. బిగించి ఉన్న పెద్ద యంత్రాలకు వేరే 300. గుంత వంద ఓమ్‌లున్నా 300 మిల్లీ ఆంపియర్ల దగ్గర బాడీ మీద 30 వోల్టులే లేస్తాయి, ఆ లోపే పడుతుంది. డ్రైవు ముందు పెట్టేది బి-రకం కావాలా అన్నది డ్రైవు పుస్తకంలో రాసి ఉంటుంది. మూడు ఫేజుల డ్రైవుకు సాధారణంగా కావాలి. అందులో లోపం వచ్చినప్పుడు డీసీ లీకు కావచ్చు, మామూలు ఆర్‌సీసీబీకి అది కనబడదు.

మెగ్గర్ పెట్టినప్పుడు డ్రైవు విప్పే కొలిచారు కదా?

లేత్ షెడ్డు · బుధవారం రాత్రి 10.52

విప్పారు. డ్రైవు మీద రాసినట్టు పది నిమిషాలు ఆగి, వోల్టేజీ చూసి, అప్పుడు. లేకపోతే 500 వోల్టులకు లోపలి సరుకంతా పోయేదన్నారు.

కోవెంట్రీ తెలుగువాడు · గురువారం తెల్లవారుజామున 3.15

ఆర్‌సీసీబీ మీద టి అని బొత్తాం ఉంటుంది, నెలకొకసారి నొక్కండి. కాని అది పడినంత మాత్రాన మీ ఎర్త్ బాగుందని కాదు. బొత్తాం దాని లోపలి యంత్రాన్నే చూస్తుంది. గుంత పీకేసి ఉన్నా అది టక్కుమని పడుతుంది.

టర్నర్ బాబాయి · గురువారం ఉదయం 6.20

గుంత కొలిచారా లేదా? అంతా చెప్పారు, అది చెప్పలేదు.

లేత్ షెడ్డు · గురువారం ఉదయం 6.45

కొలిచారు బాబాయి గారూ. మెయిన్ దించి, గుంతను షెడ్డు నుంచి విడదీసి, రోడ్డు వెంట రెండు మేకులు పాతి చూశారు. 11 ఓమ్‌లు, అదీ వానలు పడ్డాక. ఎండాకాలంలో పొడి రోజున కొలిచిందే లెక్క అని కాగితం మీద రాసిపెట్టారు. రెండో గుంత వెనుక గోడ పక్కన తవ్విస్తున్నాం, రెండున్నర మీటర్ల పైపు. నాలుగడుగులు దిగేసరికి పాత ఇంజన్ బ్లాకు ఒకటి బయటపడింది. ఎవరు పాతారో, ఎందుకు పాతారో ఎవరికీ తెలియదు. దాన్ని తీశాక మిగతాది.

టర్నర్ బాబాయి · గురువారం ఉదయం 6.58

అది నాకు తెలుసు. పాత రోజుల్లో ఇంజన్ బ్లాకు పాతి, దానికి తీగ కట్టి ఎర్త్ అనేవాళ్లు. దానికి తీగ ఏదైనా కలిసి ఉందేమో చూసి తీయండి.